నేను లేననుకోండి

వీరలక్ష్మి కోడలు దుర్గ సంచిలో ఆవకాయ సీసా పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఏడాది నిండని మనవడు సంచి పట్టీ నములుతున్నాడు.

"కువైట్‌లో పచ్చళ్ళు దొరకవేంటమ్మా? ఊరికే బరువు," అన్నాడు కొడుకు వీర్రాజు, మంచం మీంచి లేవకుండానే. వెళ్ళేది పెళ్ళాం, ఏజెంటుతో మాట్లాడింది వాడు. "షెడ్డులో నోరు మూసుకుని చేసుకుంటే ఇంత దూరం వచ్చేదా?"

నోరు మూసుకునే కదరా చేసింది, అనుకుంది వీరలక్ష్మి.

కాట్రేనికోన రొయ్యల షెడ్డులో అత్తాకోడళ్ళవి పక్కపక్క బేసిన్లు. పిల్లాడు గేటు దగ్గర చీర ఉయ్యాల్లో ఉండేవాడు. వాడు ఏడిస్తే దుర్గ పాలివ్వడానికి వెళ్ళేది. తిరిగొచ్చేలోపు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తాము ఒలిచిన రొయ్యలు తలో గుప్పెడు ఆమె బేసిన్లో వేసేవారు. ఆ సంగతి పైకి ఎవరూ అనేవారు కాదు.

అలాంటప్పుడు హైదరాబాదు నుంచి భవాని అనే అమ్మాయి వచ్చింది. షెడ్డుకి సాఫ్ట్‌వేర్ చేస్తారట, ముందు పని ఎలా జరుగుతుందో చూడాలట. "రోజూ చేసినట్టే చేయండమ్మా, నేను లేననుకోండి," అంటూ ఎదురుగా స్టూలేసుకుంది. వచ్చిన మనిషిని లేదనుకోవడం ఎలా? అందరూ ఉతికిన చీరలు కట్టి, పూలు పెట్టుకొచ్చారు. ఆమె ముందు లేస్తే బాగుండదని బాత్రూంకి కూడా వెళ్ళలేదు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే దుర్గ తడిసిన జాకెట్టు మీదికి ఏప్రాన్ లాక్కుంది.

"మధ్యలో లేవాల్సిన అవసరం వస్తుందా అండీ?" అడిగింది భవాని. ఆమె వెనకాలే సూపర్‌వైజరు నాగసతీష్ నిలబడ్డాడు.

"ఆయ్, అదేం లేదండీ," అన్నారంతా. వీరలక్ష్మి కూడా.

ఆ మాటే కంప్యూటర్లోకి వెళ్ళింది. బేసిన్ కింద కాటా వచ్చింది. బరువు ఒక్కసారిగా పెరిగినా ఎర్ర దీపమే, పెరగకుండా ఆగినా ఎర్ర దీపమే. దుర్గ బేసిన్‌కే ఎక్కువసార్లు వెలుగుతోందని నెల తిరక్కుండా ఆమెని రావద్దన్నారు.

"అత్తయ్యా, వీడికి నేను గుర్తుంటానంటావా?" అంది దుర్గ, ఇప్పుడు ఆ సంచితో ఆటో ఎక్కుతూ.

"రోజూ ఫోన్లో చూపిస్తానమ్మా."

కొన్నాళ్ళకి మార్పులేమైనా కావాలేమో చూస్తానని భవాని మళ్ళీ వచ్చి అదే స్టూలు మీద కూర్చుంది. "నేను లేననుకోండి," అంది. గేటు దగ్గర పిల్లాడు ఏడుపందుకున్నాడు. వీరలక్ష్మి లేచి చేతులు కడుక్కుంది. ఎర్ర దీపం వెలిగింది.

"లక్ష్మమ్మా, కూర్చో! కళ్ళు కనబడట్లేదా?" అరిచాడు నాగసతీష్.

ఆమె గేటు దాకా నడిచి, పిల్లాణ్ణి చంకనేసుకొచ్చి, భవాని కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడి సీసాతో పాలు పట్టింది.

"రోజూ ఇలాగే లేచేవాళ్ళమండీ. మీరున్నారని మానేసేం. ఇది కూడా రాసుకోండి."

భవాని రాసుకుంది.

దుర్గ వెళ్ళింది రెండువేల ఇరవై రెండు శ్రావణంలో. ఆ మరుసటి వేసవి నుంచి ఫోను లేదు. ఇప్పటికీ తిరిగి రాలేదు.