రిబ్బను వెనక కత్తెర

నేను ఒక కత్తెరను. మీ ఇంట్లో కుట్టుమిషను సొరుగులో ఉండే రకం కాదు. నాకు పిడి లేదు, బోల్టు లేదు, చప్పుడు అసలే లేదు. చిటికెన వేలంత కూడా లేని ప్లాస్టిక్ గొట్టం అడుగున, అంటీ అంటనట్టున్న తెల్లటి పొడిలో ఉంటాను. నన్ను చూసినవాళ్లంతా ముందు "ఇదేనా?" అంటారు. ఇదే. మీ ఒంట్లో ఒక్కో కణంలో మూడు వందల కోట్ల అక్షరాల రాత ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా పోయి పట్టుకోగలను. అంత గొప్పదాన్ని, నా ఆయుష్షులో సగానికి పైగా జానెడు ఎర్ర రిబ్బను వెనక బందీగా పడి ఉన్నాను. ఆ కథే చెబుతాను.

మా వంశం చాలా పాతది. మనుషులు పుట్టక ముందు నుంచీ మేం సూక్ష్మజీవుల కడుపులో కాపురం ఉన్నాం. మీరు పాలల్లో తోడు వేస్తారే, ఆ పెరుగులో ఉండే జీవుల్లోనూ మా వాళ్లున్నారు. వాటి మీదికి వైరస్‌లు దండెత్తి వస్తే, వచ్చిన శత్రువు ఆనవాలు ఒక ముక్క దాచిపెట్టుకుని, మళ్లీ అదే శత్రువు కనబడగానే కత్తిరించి పారేయడం మా పని. కోట్ల ఏళ్లు ఆ పని గుట్టుగా చేసుకున్నాం. తర్వాత మనుషులు మమ్మల్ని చూశారు. చూసి, శత్రువు ఆనవాలుకు బదులు తమకు కావలసిన ఆనవాలు మా చేతిలో పెట్టడం నేర్చుకున్నారు. ఇక మాకు ఎవరి చిరునామా ఇస్తే వాళ్లింటికి వెళ్లడమే.

నాకు ఆ చిరునామా ఇచ్చింది హైదరాబాదులో నిఖత్ అనే అమ్మాయి. తెల్లకోటు వేసుకుని, చేతికి రెండు తొడుగులు తొడుక్కుని, మమ్మల్ని ఇరవై నాలుగు జతల గొట్టాల్లో నింపింది. జత ఎందుకంటే, మా పని ఇద్దరు చేసేది. నేను మారిపోయిన అక్షరాన్ని వెతుకుతాను. నా జంట గొట్టంలోది సరిగ్గా ఉన్న అక్షరాన్ని వెతుకుతుంది. దొరికితే ఆ గొట్టంలో ముంచిన కాగితపు పట్టీ మీద గీత పడుతుంది. ఇద్దరికీ గీత పడితే ఆ మనిషికి జబ్బు లేదు, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక వంతు మాత్రం మోస్తున్నాడు. నా ఒక్కదానికే గీత పడితే రెండు వంతులూ వచ్చాయన్నమాట. అదే సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి నాళాల్లో అడ్డంపడి ఇరుక్కుపోతాయి. ఘాట్ రోడ్డు మలుపులో లారీ అడ్డంగా ఆగితే వెనక బండ్లన్నీ ఎలా నిలిచిపోతాయో, అలాగే రక్తం నిలిచిపోతుంది. ఆ నొప్పి పడ్డవాళ్లకే తెలుస్తుంది.

మూత బిగించే ముందు నిఖత్ నన్ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "చూడు, ఆడికి పోయినంక నా పరువు తియ్యకు" అంది. తియ్యనని మనసులోనే మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎవరైనా నా మూత తియ్యాలన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

రైల్లో విశాఖపట్నం, అక్కణ్ణుంచి జీపులో కొండలెక్కి ఏజెన్సీలోని ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి వచ్చాం. ఎండలు ఇంకా ముదరలేదు. ల్యాబ్ టెక్నీషియన్ రోణంకి భానుమతి మా పెట్టె విప్పి, ఒక్కో గొట్టాన్నీ గంటుల పలక మీద నిలబెట్టి, కొత్త ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ చేతులు నెమ్మదైనవి. "రేపట్నుంచి మొదలెట్టీద్దాం సార్" అంది డాక్టరుగారితో.

డాక్టర్ ఫణికుమార్ మంచివాడు. మంచివాళ్లకు ఉండే భయాలన్నీ ఉన్నాయి. "రేపెలా మొదలెడతామమ్మా? జిల్లా నుంచి పెద్దసారు వచ్చి ప్రారంభించాలి కదా. ఫోటో పైకి వెళ్లాలి. అది కాకుండా మొదలుపెడితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు. పరీక్షా కేంద్రం కోసమని ఇచ్చిన గదికి ఇంకా తలుపు బిగించలేదు. తలుపు లేని గదికి రిబ్బను ఎక్కడ కడతారు? అందుకని ఫ్రిజ్‌కే కట్టారు. నిగనిగలాడే ఎర్ర రిబ్బను, మధ్యలో పువ్వు ముడి. తలుపు తెరుచుకోకుండా గట్టిగా బిగించారు. లోపలి దీపం ఆరిపోయింది.

పెద్దసారు వచ్చే వారం వస్తానన్నారు. తర్వాత వారం ఏదో సమావేశం అడ్డొచ్చింది. ఆ పై వారం ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ ఉండగా రిబ్బను కత్తిరిస్తే నేరమట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడ్ పోయేసరికి వానలు దిగాయి. ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారి, వారం రోజులు జీపులే రాలేదు. మనుషులు దేన్నైనా మొదలుపెట్టడానికి పడే తాపత్రయం, ఆ పని చేయడానికి పడితే ఎంత బాగుండును!

ఫ్రిజ్‌లో చీకటి మామూలు చీకటి కాదు. చల్లగా, ఒకే రకంగా, గంట గంటకూ బుయ్‌మని మూలిగే చీకటి. నలభై ఎనిమిది గొట్టాలం ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తున్నట్టు నిలబడి ఉండేవాళ్లం. నా గొట్టం మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంది: అక్టోబరు ఆఖరు. చదవడానికి వెలుతురు అక్కర్లేదు, అది నా ఒంటి మీదే ఉంది. వినడం మాత్రం బాగా వినబడేది. వినకపోయినా బాగుండేదేమో.

ఎందుకంటే నేను మొదట విన్న గొంతు పూర్ణిమది. ఆరేళ్ల పిల్ల. గుంజివలస నుంచి తల్లి వంతల కాసులమ్మ వీపున కట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిచి తెచ్చేది. చేతులు, కాళ్లు పొంగి, ముట్టుకుంటే కేకలు పెట్టేది. కళ్లు పచ్చబడ్డాయని డాక్టరు అనేవాడు. ఆసుపత్రిలో ఉన్న పాత పరీక్షలో రక్తంలో తేడా ఉందని తేలింది గానీ, అది ఒక వంతా, రెండు వంతులా చెప్పడం ఆ పరీక్షకు చేతకాదు. అది తేలితే తప్ప ఆ నొప్పులు రాకుండా రోజూ వేసుకునే మాత్ర రాయకూడదు. తేల్చుకోవడానికి విశాఖపట్నం పొమ్మన్నారు. కాసులమ్మ ఒకసారి వెళ్లి రక్తం ఇచ్చి వచ్చింది. రిపోర్టు మాత్రం రాలేదు. వచ్చిన ప్రతిసారీ నొప్పి గోలీలు, రక్తం పట్టడానికి ఇనుము టానిక్కు ఇచ్చి పంపేవారు. ఆ జబ్బే అయితే ఆ టానిక్కుతో లాభం లేదు సరికదా, చెడు కూడా చెయ్యొచ్చు. సంగతి తేల్చగలిగింది నేను. ఆ పిల్ల ఏడ్చేది బల్లకు అవతల. మధ్యలో ఒక రేకు తలుపు, ఒక రిబ్బను.

"రోగానికి పేరేటో సెప్పండి బాబూ. పేరు తెలిస్తే సాలు, ఏటో ఒకటి సేసుకుంటాను" అనేది కాసులమ్మ.

"కొన్నాళ్లు ఓపిక పట్టమ్మా" అనేవాడు డాక్టరు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆమె భానుమతినే నిలదీసింది. "ఆ పెట్టిలో ఉందంట గదమ్మా ఆ మందు. తీసి సూడకూడదా?"

"మందు కాదు, పరీక్ష. రిబ్బను తెగాలి" అంది భానుమతి, మెల్లగా.

"రిబ్బనా?" కాసులమ్మకు అర్థం కాలేదు. మొలలో దోపుకున్న కత్తి తీసిన చప్పుడైంది. "దానికేటి తల్లీ, నా కాడ కత్తుంది. తెంపీనా?"

భానుమతి నవ్వబోయి ఆగిపోయింది. లోపల నేను మాత్రం అరిచాను: తెంపు తల్లీ, తెంపు! నా జాతి అంతా కత్తెరలే. ఒక్కదానికీ ఆ గుడ్డపీలికను కత్తిరించే శక్తి లేదు.

జూలైలో, చరియ తొలగించిన మర్నాడే, పూర్ణిమను మళ్లీ తెచ్చారు. ఈసారి ఏడవడం లేదు. అదే నాకు భయమేసింది. జ్వరం, ఆయాసం. డాక్టరు సెలైను పెట్టి, అంబులెన్సుకు ఫోను చేసి, పక్క వార్డులోకి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. ల్యాబ్‌లో భానుమతి ఒక్కతే ఉంది. అడుగులు ఫ్రిజ్ దగ్గరికి వచ్చాయి. కత్తెర చప్పుడు వినబడలేదు. గోళ్లతో ముడి విప్పుతున్న గరగర వినబడింది. అయిదు నెలల తర్వాత వెలుతురు! నా పక్కనున్నవాళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. ఆమె వేళ్లు మా మీదుగా జరిగి నన్నూ, నా జంటనూ ఎత్తుకున్నాయి.

పూర్ణిమ మంచం దగ్గరికి వెళ్లి, వేలి నుంచి ఒక చుక్క రక్తం తెచ్చింది. దాన్ని చిన్న మిషనులో వేడిచేసి, ఆ జన్యువును లక్షల కాపీలు చేసి, నా మూత తీసి వదిలింది. పొడిగా పడి ఉన్న నేను తడిసి లేచాను. చేతిలో నిఖత్ ఇచ్చిన చిరునామా. ఆ రాతలోకి దిగి వెతకడం మొదలుపెట్టాను.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను పుట్టిందే ఆ అక్షరం కోసం. నెలల తరబడి దాని కోసమే కొట్టుమిట్టాడాను. తీరా వెతికే గడియ వచ్చాక, దొరక్కూడదని కోరుకున్నాను. నిఖత్ పరువు పోయినా ఫర్వాలేదు, నన్ను పనికిరానిదని పారేసినా ఫర్వాలేదు, ఈ పిల్ల రక్తంలో అది ఉండకూడదనుకున్నాను. కత్తెరకు అలాంటి కోరిక ఉండకూడదేమో.

దొరికింది. నా పట్టీ మీద గీత పడింది. నా జంట మళ్లీ మళ్లీ వెతికి ఉత్త చేతులతో నిలబడ్డాడు. వాడి పట్టీ మీద ఏమీ లేదు.

భానుమతి పరిగెత్తి డాక్టరును ల్యాబ్‌లోకి పిలుచుకొచ్చి రెండు పట్టీలూ చూపింది. ఆయన వాటిని చూశాడు, ముడి విప్పిన రిబ్బనును చూశాడు, తల పట్టుకున్నాడు. "ప్రారంభమే కాలేదు. రిపోర్టు ఎలా రాస్తాను భానుమతీ?"

"రిపోర్టు రాయకండి సార్. మాత్ర రాయండి."

ఆయన కలం మూత తీశాడు. మాత్ర రాశాడు. అంబులెన్సు చీటీ మీద జబ్బు పేరు కూడా రాశాడు, కింద సంతకం పెట్టాడు. ఇనుము టానిక్కు కొట్టేశాడు. కాసులమ్మను పిలిచి పేరు చెప్పాడు, ఎందుకొస్తుందో, రోజూ ఏం చెయ్యాలో చెప్పాడు. ఆమె ఆ పేరును మూడుసార్లు పలికి చూసుకుంది. ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇదన్నమాట" అంది.

ఇక నాకు విడుదలనుకున్నాను. వాడిన గొట్టం ఆసుపత్రి చెత్త వేసే ఎర్ర సంచిలోకి పోవాలి, అది పద్ధతి. కానీ పెద్దసారు వచ్చినప్పుడు పలకలో రెండు గంటులు ఖాళీగా కనబడితే? భానుమతి మా మూతలు బిగించి, స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ మా చోట్లోనే నిలబెట్టింది. తలుపు వేసింది. రిబ్బనును అదే మడతల మీద, అదే పువ్వు వచ్చేలా కట్టింది. మళ్లీ చీకటి. మునుపు ఆ చీకటిలో నాకు చెయ్యాల్సిన పని ఒకటుండేది. ఇప్పుడు అదీ లేదు.

మిగతావాళ్లు అడిగేవారు, బయట ఎలా ఉందని. చెప్పేదాన్ని. మా వంశంలోనే మరికొన్ని కత్తెరలున్నాయనీ, అవి ఈ జబ్బును కనుక్కోవడం కాదు, రోగి మజ్జలోంచి తీసిన కణాలను సవరించి నయమే చేస్తున్నాయనీ నిఖత్ గదిలో విన్నాను. అదీ చెప్పాను. ఆ వైద్యం జరిగే ఊళ్లు వేరు. అది ఈ ఘాట్ రోడ్డు ఎక్కేదెప్పుడో ఎవరికీ తెలియదు. అక్టోబరు వెళ్లిపోయింది. మా గడువూ దాటిపోయింది.

పెద్దసారు నవంబరు నాలుగో తేదీన వచ్చారు. షామియానా, మైకు, దండలు. మొదటి పరీక్ష కోసమని, నయంగా కనబడే రోగిని ముందు వరసలో కూర్చోబెట్టమన్నారట. డాక్టరు కంగారులో పూర్ణిమనే కూర్చోబెట్టాడు. నాలుగు నెలలుగా మాత్ర వేసుకుంటున్న పిల్ల, బుగ్గలు తేరుకున్నాయి. పెద్దసారు రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. తలుపు తీసి, ఫోటో కోసం ఒక గొట్టం ఎత్తి పట్టుకున్నారు. నలభై ఎనిమిదిలో ఆయన చేతికి వచ్చింది నేనే.

"భయమేస్తోందా పాపా? చిన్న చుక్కే" అన్నారు.

"నాకేటి భయం?" అంది పూర్ణిమ. "ఆ అక్క నన్ను ఎప్పుడో పొడిసీసింది గదా!"

మైకు దగ్గరే ఉంది. అందరికీ వినబడింది. డాక్టరు గబగబా మైకు పక్కకు జరిపాడు. పెద్దసారు పిల్లను చూశారు, భానుమతిని చూశారు, తర్వాత వెలుతురుకు ఎత్తి నన్ను చూశారు. పలకలో మిగతా గొట్టాలన్నిటి అడుగునా తెల్లటి పొడి. నాలో, పక్క గంటులో ఉన్న నా జంటలో మాత్రం ఎండిన గోధుమరంగు చార.

"ఇదొక్కటే ఇలా ఉందేమిటి?" అని అడిగారు, గొంతు తగ్గించి.

భానుమతి తల దించలేదు. "ఆ జత ఒక్కటే పని చేసింది సార్. మిగతావాటికి గడువు మొన్ననే అయిపోయింది."

ఆయన మళ్లీ మైకు దగ్గరికి వెళ్లలేదు. నన్ను భానుమతి అరచేతిలో పెట్టి, "కొత్తవి పంపిస్తాను. వాటికి ఏమీ కట్టకండి" అని జీపెక్కారు. తెగిన రిబ్బనులో పెద్ద ముక్కను పూర్ణిమ అడిగి తీసుకుంది. కాసులమ్మ దాన్ని పిల్ల జడకు కట్టింది. ఎర్రగా ఊగుతూ అది గేటు దాటి వెళ్లిపోయింది.

సాయంత్రం మా అందరినీ ఎర్ర సంచిలో వేసి మూతి బిగించారు. ఇదే నా ఆఖరి చీకటి. నాతో పాటు ఇరవై మూడు జతలు, మూత తియ్యకుండానే గడువు దాటిపోయినవి. వాటిలో ప్రతి జతా ఒక పిల్ల కోసం వచ్చింది. ఆ పిల్లలు ఈ కొండల్లోనే ఎక్కడో కాళ్లు పట్టుకుని ఏడుస్తూ ఉంటారు, వాళ్ల తల్లులు పేరేటో చెప్పమని అడుగుతూ ఉంటారు. పక్క గొట్టం ఇందాక నన్ను అడిగింది, "మాది ఎవరి కోసమో నీకేమైనా తెలుసా?" అని. తెలియదన్నాను.