ఒంటి కార్బరేటరు

వడ్రంగి చేతికి గరుకు తగిలితే ఆ రాత్రి నిద్ర పట్టదు. సొరుగు లాగితే వెన్నలా జారాలి. ఆ చేతులతోనే తన పాత ఇంగ్లండు మోటారు సైకిలునూ కన్నబిడ్డలా సాకుతున్నాడు. దానికి రెండు కార్బరేటర్లు. పెట్రోలుకు గాలి కలిపి ఇంజనుకు తాగించేవి అవే. ఎంత సాకితే ఏం, కొండ మలుపు రాగానే బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. కిందటి వారం భార్య చెప్పులు విప్పి, పైదాకా తోసింది.

"ఇంకొక్కసారి తోయించావో, బతికినన్నాళ్లూ బస్సులోనే వెళ్తా. నువ్వూ నీ బండీ ఊరేగండి," అంది.

వడ్రంగికి అంతకు మించిన శిక్ష లేదు. పెళ్లయిన మర్నాటి నుంచీ ఆమె చెయ్యి భుజం మీద పడ్డాకే గేరు వేయడం అతనికి అలవాటు.

పొద్దున్నే బండిని బావమరిది షెడ్డుకు నడిపించుకెళ్లాడు. ఆ మెకానిక్ ఒక కార్బరేటరు ఊడదీసి, చెవి దగ్గర ఆడించాడు. లోపల పైకీ కిందకీ కదిలే స్లైడు గలగలమంది.

"ఏం బావా, దీనికి గజ్జెలు కట్టావా?"

"బిగుతుగా ఉందని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను. సొరుగులా జారొద్దూ?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సొరుగు వదులైతే ఎలుక దూరుతుంది, ఇది వదులైతే గాలి దూరుతుంది. ఉత్త గాలి తాగి కొండెక్కుతుందా?"

వడ్రంగి నాలుక కరుచుకున్నాడు. రెండోదానికీ అదే మర్యాద చేశాడు మరి.

బావమరిది బల్ల మీద తళతళలాడే కొత్త జత పెట్టాడు. పక్కనే బూడిద రంగు ఒంటిది, ఇంజను రెండు సిలిండర్లకూ పంచిపెట్టే దాని రెండు పాయల గొట్టం.

"జతైతే దర్జా. కానీ రెండూ ఒక్కమాట మీద నడవాలి. అక్కా నువ్వూ ఒక్కమాట మీద ఉండగా నేనైతే చూళ్లేదు. ఒంటిదైతే వేగం కాస్త తగ్గుతుంది, మొరాయించదు. నీ ఇష్టం."

వడ్రంగి జతను చేతిలోకి తీసుకున్నాడు. ఏం నునుపు! అంతలో, తోసి తోసి కందిన భార్య అరచేతులు గుర్తొచ్చాయి. జతను మెల్లగా కింద పెట్టాడు.

"ఒంటిదే బిగించు."

"ఇక ఉప్పుకాగితంతో దీని జోలికొచ్చావో, నీ వీపు నున్నగా రుద్దుతా."

సాయంత్రం ఆమె "ఇదే ఆఖరు" అంటూ ఎక్కింది. భుజం మీద చెయ్యి పడింది, గేరు పడింది. మలుపు కనబడగానే అలవాటు కొద్దీ చెప్పులు విప్పి ఒక చేత పట్టుకుంది. బండి మూలిగింది గానీ దగ్గలేదు. మలుపు వెనకబడింది. కొండ కొసకు చేరారో లేదో, "ఆపు!" అని కేకేసింది.

అతను గభాలున బ్రేకు వేశాడు. "ఏమైంది?"

"చెప్పొకటి జారిపోయింది." నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఈ మహాతల్లి నేను ఆపమంటే ఆగడం ఇదే మొదలు!"

వడ్రంగి స్టాండు వేసి, చెప్పు వెతుకుతూ మలుపు దాకా కాలినడకన దిగాడు. పైన ఆమె దర్జాగా సీటు మీదే కూర్చుంది. ఆమె కింద ఇంజను ఆగకుండా టకటకమంటూనే ఉంది.