గిన్నె మీద కొట్టించిన పేరు

రామచంద్రరావుకి ఒక గొప్ప గుణం ఉంది, ఎవరి పేరూ అడగడు. 2002లో ఆయన పాతబస్తీలో ఎయిడ్స్ నివారణ మీద సర్వే చేశాడు. ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లని కూర్చోబెట్టి, కండోములు వాడుతున్నారా, జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తున్నారు అని అడగడం పని. కాగితం మీద నంబరే తప్ప పేరుండదు. ఛత్రినాకలో కుట్టుమిషన్ల దుకాణం పైన గది తీసుకుని, ఆఫీసు జీపుని మెయిన్ రోడ్డు మీదే ఆపించి నడిచి వచ్చేవాడు. ఏలూరు నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, నియమం గట్టి. అలాంటివాళ్లంటే నాకు కొంచెం భయం.

అందరికన్నా ముందు వచ్చింది సుశీలమ్మ. గౌలిపురాలో ఆగయ్య అనే పాలాయన ఇంట్లో ఒక గదిలో అద్దెకుంటోంది. పొద్దున్నే పూల మార్కెట్‌కి వెళ్లి పూలు తెచ్చి, మాలలు కట్టి అమ్ముతుంది. ఆ సందులో అందరికీ ఆమె పూలామెగానే తెలుసు. పూలతో గడవని రోజుల్లో ఆమె ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. ఆమెని వెంటబెట్టుకొచ్చిన అఖిల, సంస్థలో పనిచేసే ఛత్రినాక అమ్మాయి, ముందే చెప్పింది.

"సార్, ఆమెకు ఒక్కటే ఫికరు. ఇంటోళ్లకు తెలిస్తే గది పోతది. ఒంటరి ఆడమనిషికి మల్ల గది ఎవలిస్తరు?"

"నన్ను నమ్మండమ్మా," అన్నాడు రామచంద్రరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకూడదని తలా ఒక మూత గిన్నె ఇద్దామనుకున్నారు. రామచంద్రరావే స్వయంగా స్టీలు సామాన్ల కొట్టుకెళ్లాడు. బేరం అయ్యాక కొట్టతను పేర్లు కొట్టే మిషను చేతిలోకి తీసుకుని, "ఏం పేరు కొట్టాలె సార్?" అనడిగాడు. అక్కడే కొంప మునిగింది. పెళ్లికీ గృహప్రవేశానికీ పేరు కొట్టించకుండా స్టీలు గిన్నెలు పంచిన ఇల్లు మనలో ఉందా? ఆయనా ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచీ చూసిన అలవాటు నోట్లోంచి వచ్చేసింది. "ఎయిడ్స్ నివారణ సర్వే, 2002 అని కొట్టు."

సుశీలమ్మకి చదువు రాదు. గిన్నె తళతళలాడుతోందని సంబరపడి తీసుకెళ్లింది. ఆమె వెళ్లాక మిగతా గిన్నెలు సర్దుతూ అఖిల ఆ అక్షరాలు చూసింది.

"ఏంది సార్ గిది? సుశీలక్క దీన్ని ఇంటికి తీస్కపోయింది!"

రామచంద్రరావు మొహం పాలిపోయింది. పేరు కొట్టని కొత్త గిన్నె ఒకటి కొనుక్కొచ్చి, జీపు తెమ్మని డ్రైవరుకి కేకేశాడు.

"ఆగుండ్రి సార్," అంది అఖిల. "ఇంటామెకు సుత చదువు రాదు. ఆగయ్యకు వస్తది గని, గిన్నెలు ఎవలు చదువుతరు? రేపు పొద్దుగాల పూల మార్కెట్ల కలిసి నేను తెస్త. లొల్లి గాకుండ అయిపోతది."

ఆయన వినలేదు. గిన్నె అక్కడే ఉంటే ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టదట. ఎవరి పేరూ అడగని మనిషి, గౌలిపురా సందులోకి నేరుగా జీపెక్కి వెళ్లి, పూలమ్మే సుశీలమ్మ ఇల్లెక్కడని అడిగాడు. గిన్నె మీద అక్షరాలు చీమలంత. జీపు తలుపు మీద అదే మాట జానెడు జానెడు అక్షరాల్లో ఉంది.

అప్పటికే సుశీలమ్మ ఆ గిన్నెని ఆగయ్య భార్య నాగమణమ్మకి ప్రేమగా ఇచ్చేసింది. ఆమె అందులో టీకి పాలు పోసి పెట్టుకుంది.

"గిన్నెలో చిన్న పొరపాటు జరిగిందండీ. అది ఇచ్చేస్తే ఇంకోటి ఇస్తాను," అన్నాడు రామచంద్రరావు.

"ఏం పొరపాటు సారూ? మంచిగనే ఉన్నది గద," అంటూ నాగమణమ్మ పాలగిన్నె పట్టుకొచ్చింది.

బర్రెలకు కుడితి పెట్టి ఆగయ్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. జీపు తలుపు చదివాడు. భార్య చేతిలోని గిన్నె తీసుకుని అదీ చదివాడు.

"ఎయిడ్సా? మా ఇంట్ల గీ గిన్నేంది?"

ఏదో ఒక అబద్ధం చెప్పాలి. గిన్నెలు తారుమారయ్యాయనో, బస్టాపులో అందరికీ పంచామనో. రామచంద్రరావుకి అబద్ధం రాదు, పాఠం వచ్చు. "భయపడకండి, అది గిన్నెల వల్ల అంటదు. ఆవిడని మేం కొన్ని ప్రశ్నలడిగామంతే."

"ఏం ప్రశ్నలు? అందరు ఆడోళ్లను అడుగుతుండ్రా? నా పెండ్లాన్ని అడగలే గద."

ఆగయ్య సుశీలమ్మ గది వైపు చూశాడు. ఆమె గుమ్మంలో మాల కడుతూ కూర్చుంది. చేతులు కదలడం లేదు.

ఆగయ్య అరవలేదు. పాలు మోరీలో పారబోసి, గిన్నె ఆమె ముందు పెట్టాడు. "పొద్దుగూకే లోపట ఖాళీ చెయ్యి," అన్నాడు. నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఆగయ్య మీద కోపం వచ్చింది. రామచంద్రరావు మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆమె గది కన్నా తన మాట నిలబడటమే ఆయనకి ముఖ్యమైపోయింది.

సుశీలమ్మ సామాను ఎంతని. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు, పూల గంప. వెనకాలే పరిగెత్తుకొచ్చిన అఖిల ఆటో కోసం వెళ్లింది. రామచంద్రరావు కొత్త గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయనకి నిజంగానే ఏడుపొస్తోంది.

"మీ పేరు నేనెక్కడా రాయలేదమ్మా," అన్నాడు.

"రాయలే సారూ," అంది సుశీలమ్మ, మూట ముడి బిగిస్తూ. సందు మొదట్లో ఆటో హారన్ కొడుతోంది. "ముందుగాల గా జీపు తియ్యుండ్రి. ఆటో లోపటికి వస్తలేదు."