తుంగచాపలో కూత

తెల్లారగానే కొడవలి పట్టుకుని రోడ్డు పక్క మడుగులోకి దిగడం, మోకాలి లోతు నీళ్లలో తుంగ కోసి గట్టున ఆరబెట్టడం, మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని అల్లడం. చాపలామెకి నలభై ఏళ్లుగా ఇదే బతుకు. ఆ తుంగలో తిరిగిన పిట్టల కూతలు చాపల్లోకి వచ్చేసేవి. కొనేవాళ్లు చాపని చెవి దగ్గర పెట్టుకుని, "ఇదేంటి, ఇంత వాగుడుకాయ? నెమ్మదైంది చూపించు" అని బేరమాడేవాళ్లు.

రోడ్డు వెడల్పు చేస్తామంటూ మట్టి లారీలొచ్చి నిలబడ్డాయి. మడుగులో జమ్ముకోళ్లనే నీటిపిట్టలున్నాయో లేవో తేల్చడానికి సర్వే అమ్మాయొచ్చింది. మూడు రోజులు బురదలోనే నిలబడింది. జలగలు పట్టినా కదల్లేదు. అంత ఓపిక చాపలామె తన జన్మలో చూడలేదు.

"కూత వినిపిస్తోంది పెద్దమ్మా, పిట్టే కనబడదు."

"అవి నా చాపలమ్మా. మడుగు నోరు మూసుకుని నెలయింది."

"అయితే కష్టం. ఈ సాయంత్రంలోగా కంటపడకపోతే రేపు మట్టి పోసేస్తారు."

చాపలామె తల దించుకుంది. గూడున్న దుబ్బు జోలికి పోకూడదని తల్లి పనితోపాటే నేర్పింది. నెల కిందట లారీలను చూసి, ఎలాగూ పోయే మడుగేగా అని తనే ఈ గట్టు పక్కనంతా ఊడ్చినట్టు కోసేసింది. ఒక దుబ్బులో గుడ్లున్నాయి. ఆ రోజునుంచే జమ్ముకోళ్లు దాక్కున్నాయి. ఆ తుంగతో అల్లిన చాప పిల్లలా ఏడుస్తుంటే, అమ్మడానికి మనసొప్పక అటకెక్కించింది.

"తప్పు చేసింది నేనే తల్లీ" అని అంతా చెప్పింది. "తిట్టాలనుంటే తిట్టు."

"తిట్టడానికి రేపుంది. ముందు ఆ చాప తే."

నీటి అంచున పరిచారు. చాప ఏడ్చింది. కాసేపటికి తుంగ కదిలి, ఎర్రటి నుదురు, పొడుగాటి వేళ్లు వేసుకుని జమ్ముకోడి బయటికొచ్చింది. లారీ హారన్ మోగినా బెదరలేదు. చాప చుట్టూ తిరిగి, ఒక పోగు ముక్కున పట్టి లాగింది. పోగు వెనక పోగు మోసుకెళ్లి పక్క దుబ్బులో పేర్చసాగింది.

"గూడు కడుతోంది" అంది అమ్మాయి, రాస్తూనే. "ఇక తట్టెడు మట్టి కూడా పోయకూడదు."

చాపలామెకి అదేదీ వినబడలేదు. తన అల్లిక మీద ఎవరైనా చెయ్యేస్తే చేతులు విరగ్గొట్టే మనిషి, ఆ పిట్ట పనితనం కళ్లప్పగించి చూస్తోంది. అంచు ముడి దగ్గర పోగు రానంది. పిట్ట రెండుసార్లు లాగి ఆగిపోయింది.

చాపలామె మెల్లగా నీళ్లలోకి దిగి, వంగి, ఆ ముడి విప్పి వెనక్కి తప్పుకుంది.