మరియమ్మ నొప్పులు

కాన్పుల గదిలో ఎస్తేరు సిస్టర్ మాటకు తిరుగులేదు. వరంగల్‌లో ఎంతమందికి పురుడు పోసిందో ఆమెకే గుర్తులేదు. నొప్పులకు తాళలేక ఎవరైనా కేక పెట్టారా, నడుం మీద చేయి వేసుకుని ఒకటే మాట అనేది. "మరియమ్మ తల్లి పసులపాకల కన్నది. ఒక్క మాటన్నదా? నీకు మంచమున్నది, ఫ్యానున్నది, ఇంకేం గావాలె?" ఎంతటి గయ్యాళి అయినా ఆ దెబ్బకు గప్‌చుప్. ఎదుటి మనిషి ఏ దేవుణ్ణి మొక్కుతుందో కూడా చూసేది కాదు, మహాతల్లి!

కాశిబుగ్గ చర్చిలో ప్రతి క్రిస్మస్ ముందురోజు పిల్లలు వేసే నాటకానికి మైకు పట్టుకుని కథ చెప్పేదీ ఆమే. "ఒక్క మాటైనా పలుకక మరియ తన తొలిచూలు కుమారుని కనెను" అని ఖంగుమని చదవగానే తెర లేచేది. తొట్టిలో బొమ్మ, పక్కన నవ్వుతూ మరియమ్మ. ఈసారి ఆ వేషం ఎస్తేరు మనవరాలు ప్రియాంకది. అందుకని ఆ రోజు సాయంత్రం కాకముందే డ్యూటీ దిగి పోదామని ఆమె మనసంతా చర్చి మీదే ఉంది.

కానీ ఖిలా వరంగల్ నుంచి వచ్చిన సాజిదా కాన్పు తెమలడం లేదు. తొలిచూలు. పొద్దున్నుంచీ నొప్పులే. బిడ్డ తల దిగింది, గుండె బాగానే కొట్టుకుంటోంది, ఇక తల్లి గట్టిగా ముక్కితే చాలు. ఆ ముక్కే ఓపికే ఆ పిల్లలో లేదు. డాక్టర్ సుభాషిణి వచ్చి చూసింది.

"ఇంకాసేపు చూద్దాం ఎస్తేరూ. కాకపోతే ఆపరేషనే. బిడ్డ అలిసిపోకముందే తీసెయ్యాలి" అని చెప్పి, థియేటర్ సిద్ధం చేయించడానికి వెళ్లింది.

ఆపరేషన్ అనేసరికి సాజిదా అత్త చేయి పట్టుకుని బావురుమంది. "నాతోని కాదు అమ్మీ! నేను సచ్చిపోతె బాగుండు!"

"ఏయ్, గట్లనొచ్చునా?" ఎస్తేరు గద్దించింది. "మరియమ్మ తల్లి పసులపాకల కన్నది. ఒక్క మాటన్నదా?"

అంతే. సాజిదా పళ్లతో పెదవి బిగబట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా కేకను మింగింది, కేకతోపాటు బలాన్నీ మింగేసింది. తల అంగుళం కూడా కదలలేదు. ఈసారి నొప్పి తగ్గాక బిడ్డ గుండె చప్పుడు మందగించి, మెల్లగా మళ్లీ అందుకుంది.

తలాపున నిలబడ్డ అత్త ఖైరున్నీసా పొద్దున్నుంచీ నోరెత్తలేదు. తెచ్చుకున్న ఖజ్జూర పండ్ల డబ్బాను ఎస్తేరు గుంజుకుని కిటికీలో పెట్టినప్పుడు కూడా ఊరుకుంది. ఇక ఆమె వల్ల కాలేదు.

"సిస్టరమ్మా, మరియం ఏమనలేదని నీకెవరు చెప్పిన్రు?"

"మా బైబిల్ల ఉన్నది."

"మా ఖురాన్ల ఆమె పేరు మీద ఒక సూరానే ఉన్నది, పెద్ద అధ్యాయం. అండ్ల నొప్పులు ఆమెను ఖజ్జూర చెట్టు కాడికి తోలుకపోయినయ్. ఏమన్నదో ఎరికేనా? 'ఇంతకు ముందే సచ్చిపోతె బాగుండు, నన్నందరు మరిచిపోతె బాగుండు' అన్నది. ఇప్పుడు నా కోడలన్న మాటే!"

ఎస్తేరు బిత్తరపోయింది. "ఖజ్జూర చెట్టేంది? పసులపాక గదా? మరి యోసేపు ఏడికి వోయిండు?"

"మా దాంట్ల యోసేపు లేడు. ఒక్కతే ఆడమనిషి."

ఒక్కతే! తోడు లేకుండా నొప్పులు పడ్డవాళ్లను ఎస్తేరు చూసింది. వాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి. లూకా సువార్తను మనసులోనే తిరగేసింది. కన్నది, పొత్తిగుడ్డలతో చుట్టింది, తొట్టిలో పడుకోబెట్టింది. అంతే ఉంది. అరిచిందనీ లేదు, అరవలేదనీ లేదు. మరి ఆ 'ఒక్క మాటైనా పలుకక' అన్నది ఎక్కడిది? తను కలిపిందే! నాటకం రక్తి కడుతుందని ఎప్పుడో కలిపి, చెప్పీ చెప్పీ చివరికి తనే వాక్యమని నమ్మింది. దాంతో ఎంతమంది తల్లుల నోళ్లు నొక్కింది! సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"అట్లన్నందుకు అల్లాకు కోపం రాలేదా?" అని గొణిగింది సాజిదా. ఆ సూరాను అరబ్బీలో చాలాసార్లు చదివిన పిల్లే. అర్థం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

"కోపమెందుకు బిడ్డా? 'రంది పడకు' అని కింది నుంచి ఆవాజొచ్చింది. కాళ్ల కింద నీళ్లు పారినయ్. 'చెట్టు మొదలు పట్టుకోని నీ దిక్కు ఊపు, పండ్లు రాలుతయ్, తిను, తాగు, సల్లగుండు' అని ఆవాజొచ్చింది."

ఎస్తేరు ఇక ఆగలేదు. ఒక గుక్క నీళ్లు తాగించి, సాజిదాను మంచం దింపింది. నిలబడి కనేవాళ్ల కోసం గోడకు బిగించిన ఇనుప కమ్మీ ఒకటి ఆ గదిలో ఉంది. ఆ పిల్ల రెండు చేతులనూ దానికి పట్టించింది.

"ఇదే నీ చెట్టు బిడ్డా. ఊపు! ఎంత ఒర్రుతవో ఒర్రు, ఎవ్వలేమంటరో నేను సూస్త!"

సాజిదా అరిచింది. అమ్మో, ఏం అరుపు! పొద్దున్నుంచీ మింగిన కేకలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. కమ్మీ గడగడలాడింది. వెనక నుంచి ఖైరున్నీసా చంకల కింద చేతులు వేసి పట్టుకుని "ఊపు బేటీ!" అంటోంది, కింద కూర్చున్న ఎస్తేరు "ఊపు బిడ్డా!" అంటోంది. సుభాషిణి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"తల కనబడుతాంది మేడం!"

ఇంకో నొప్పి, ఇంకో కేక. ఆడపిల్ల ఎస్తేరు చేతుల్లోకి జారి, తల్లికి తగ్గ గొంతుతో గుక్కపెట్టింది. థియేటర్ అవసరం లేదని సుభాషిణి నవ్వుతూ చెప్పేసింది. సాజిదా ఏడుస్తూ నవ్వుతూ బిడ్డను గుండెకు హత్తుకుంది.

ఎస్తేరు స్వయంగా డబ్బా తెచ్చి ఇచ్చింది. మొదటి పండు కోడలి నోట్లో, రెండోది సిస్టర్ నోట్లో పెట్టింది ఖైరున్నీసా.

"మరియం అని పేరు పెట్టున్రి" అంది ఎస్తేరు.

"మా ఆడిబిడ్డ పేరు అదే" అంది ఖైరున్నీసా. "ఇంకోటి సూస్తం."

"ఈసా అనున్రి, యేసు అనున్రి, ఆయన ఎవరన్న కాడ మీకు మాకు కుదరది గని అక్కా..."

"కుదరది" అంది ఖైరున్నీసా ఖరాఖండిగా. "గని ఆమె నొప్పులు మనందరియి."

ఎస్తేరు ఆటోలో కాశిబుగ్గ చేరేసరికి చర్చి నిండిపోయింది. చెమట చీరతోనే తెర వెనక్కి వెళ్లి, ప్రియాంక చెవిలో ఏదో చెప్పి, మైకు అందుకుంది.

"మరియకు నొప్పులొచ్చినయ్. ఆమె అరిచింది."

తెర వెనక ప్రియాంక ప్రాణం పెట్టి కేక వేసింది. జనం ఉలిక్కిపడ్డారు. పాస్టర్ సుందర్ రావు వేదిక దగ్గరికి వచ్చి, "ఎస్తేరమ్మా, ఇది ఏ వచనంలో ఉంది?" అన్నాడు మెల్లగా. మైకు ఆ మెల్లని మాటను అందరికీ వినిపించింది.

"అరవలేదని ఏ వచనంల ఉన్నదయ్యగారూ? మీరు పుట్టిననాడు మీ అమ్మ ఒర్రిందో లేదో అడుగున్రి."

ముందు వరుసలో పాస్టర్ తల్లి కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"ఒర్రిన! నర్సంపేట అంగడంత ఇన్నది!"

చర్చిలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి లేచి చప్పట్లు కొట్టారు. తెర లేచింది. తొట్టి పక్కన మరియమ్మ చెమట తుడుచుకుంటోంది.