చోటు మిగిలిన డిస్క్

యోకొతె ఊళ్ళో స్టేషన్ నుంచి నదికి పోయే బజారులో రెండు కరెంటు సామాన్ల కొట్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి తొజావ వాళ్ళది, రెండోది మొరియా వాళ్ళది. తండ్రుల కాలం నుంచీ తొజావ కొట్లో ఒక కంపెనీ సరుకే దొరికేది, మొరియా కొట్లో ఇంకో కంపెనీ సరుకే. బజారులో జనం కూడా అలాగే చీలిపోయారు. తొజావ కొట్లో ఫ్రిజ్ కొన్న ఇంట్లో బల్బు కూడా తొజావదే వెలగాలి. ఏ ఇల్లాలైనా మనసు ఆగక ఎదురు కొట్లో ఫ్యాను కొంటే, దాన్ని గుడ్డలో చుట్టి పక్క సందులోంచి ఇంటికి మోసుకుపోయేది. వినేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది గాని, ఆ ఊళ్ళో ఎవరూ దీన్ని నవ్వులాటగా తీసుకోలేదు.

అలాంటి బజారులోకి కొత్త డిస్కుల గొడవ వచ్చి పడింది. పాత డీవీడీ కంటే బొమ్మ ఎంతో స్పష్టంగా కనబడే డిస్కులు రెండు రకాలు ఒకేసారి బయల్దేరాయి. ఒకటి హెచ్‌డీ డీవీడీ, ఇంకోటి బ్లూరే. దాని మెషీన్‌లో ఇది ఆడదు, దీని మెషీన్‌లో అది ఆడదు. తొజావ వెనకున్న కంపెనీ మొదటిదాని పక్షం, మొరియా వెనకున్న కంపెనీ రెండోదాని పక్షం. అమెరికాలో సినిమా స్టూడియోలు ఎవరి వైపు నిలబడితే గెలుపు వాళ్ళదేనని పేపర్లు రాశాయి. ఆ స్టూడియోల పెద్దలకు యోకొతె అనే ఊరొకటుందని కూడా తెలిసి ఉండదు. అయినా ఇక్కడ తొజావ యసుజి, మొరియా తమ వైపున్న స్టూడియోల పేర్లను కొట్టు అద్దం మీద ఎన్నికల ఫలితాల్లాగా రాసి పెట్టుకున్నారు. పొద్దున్నే గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఆ ఇద్దరికీ టీ దిగేది కాదు.

"ఒరే మొరియా, నీ అద్దం మీద పేర్లు తగ్గినట్టున్నాయేంట్రా? చలికి రాలిపోయాయా?"

"ముందు నీ కళ్ళజోడు తుడుచుకో యసూ. పేర్లు కాదు, నీ చూపు తగ్గింది."

"వీడియో క్యాసెట్ల రోజుల్లో కూడా నువ్విలాగే ఎగిరావు. ఏమైంది చివరికి? మీ రకం ఓడిపోతే, మిగిలిపోయిన క్యాసెట్లన్నీ మీ అమ్మ ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువుకి పెట్టుకుంది."

"ఆ ఊరగాయ మింగినవాడివి నువ్వే కదరా!"

లోపల లెక్కబల్ల దగ్గర కూర్చున్న తొమోయె, యసుజి భార్య, ఇదంతా వింటూ తనలో తను నవ్వుకునేది. అరవై దాటిన మగవాళ్ళిద్దరూ బళ్ళో పిల్లల్లా కొట్టుకుంటున్నారని మురిసిపోయేది.

యసుజి అమ్మే తీరు వేరు. కంపెనీ ఇచ్చిన రంగుల కాగితాలు ఎవరికీ చూపించేవాడు కాదు. గడప మీద కూర్చుని, "నా మాట మీద తీసుకోండి," అనేవాడు, అంతే. పైగా మెషీన్ కొన్న ప్రతి ఇంటికీ ఒక పని ఊరికే చేసిపెట్టాడు. వాళ్ళ పాత టేపుల్లోని పెళ్ళిళ్ళు, బడి ఆటల పోటీలు, పోయిన పెద్దవాళ్ళ నవ్వులు అన్నీ కొట్లో ఉన్న మెషీన్‌లో పెట్టి కొత్త డిస్కుల్లోకి ఎక్కించాడు. ఎక్కించాక మెషీన్ మీద ఒక మీట నొక్కి, "మూసేశాను, ఇక దీన్లో ఎవరూ వేలు పెట్టలేరు," అని రెండు చేతులతో అందించేవాడు. ఆ ఏడు చివర్లో, కొత్త సంవత్సరం ముందు ఇల్లిల్లూ దులిపి కడిగే రోజుల్లో, బజారంతా ఆ పాత టేపులు చెత్తలో పారేసింది. డిస్క్ ఉండగా టేపులెందుకు? తొజావ చెప్పాడు కదా.

తన ఇంటి టేపులు కూడా యసుజే మూటగట్టి పారేశాడు. వాళ్ళ డిస్క్‌లో ఉన్నది ఎక్కువేమీ కాదు. ఎప్పటివో రెండు మూడు ఫిబ్రవరి పండగలు. పిల్లలు మంచుగూళ్ళు కట్టి, లోపల దీపం పెట్టి, వచ్చేపోయేవాళ్ళను పిలిచి వేడి పానకం ఇచ్చే పండగ. అందులో కెమెరా తొమోయె చేతిలో ఉంటుంది. గూట్లోంచి తల బయటికి పెట్టి యసుజి అరుస్తుంటాడు. "ఏమోయ్ తొమోయె, మూత తీశావా? పోయినసారి మూతనే బొమ్మ తీశావు గంటసేపు!"

"మరి మన డిస్క్ మూయరా?" అని మరుసటి ఏడు ఎండాకాలంలో ఆమె అడిగితే, "మనదింకా అవలేదుగా, బోలెడు చోటుంది. వచ్చే ఏటి పండగ కూడా దీన్లోకే," అన్నాడు.

వచ్చే ఏటి పండగకి యసుజి లేడు. శరదృతువులో ఒక ఉదయం నిచ్చెన మీద నుంచి దిగి, గుండె పట్టుకుని, షట్టరు పక్కనే కూర్చుండిపోయాడు. అప్పట్నుంచి తొమోయె రోజూ పొద్దున ఆయన ఫొటో ముందు అన్నం, టీ పెట్టి, చిన్న గంట మోగించి, తర్వాత కొట్లోని ఆ మెషీన్‌లో డిస్క్ పెట్టేది. "మూత తీశావా?" అని ఆయన ఒకసారి అరిస్తే తప్ప షట్టరు ఎత్తబుద్ధయ్యేది కాదు. ఆ గొంతు మిగిలింది లోకం మొత్తం మీద ఆ ఒక్క డిస్క్‌లోనే.

జనవరిలో వార్త వచ్చింది. రెండు పక్షాల్లోనూ కాలు పెట్టి కూర్చున్న పెద్ద స్టూడియో ఒకటి, ఇకమీదట అవతలి పక్షానికే సినిమాలిస్తానంది. వెనకాలే పెద్ద పెద్ద దుకాణాలు కూడా అటే మొగ్గాయి. తొమోయె తడిగుడ్డ తీసుకుని బయటికొచ్చి, భర్త చేతిరాతలో ఉన్న ఆ స్టూడియో పేరు తన అద్దం మీద నుంచి తుడిచింది. ఎదురుగా మొరియా గుమ్మంలో నిలబడి చూశాడు. ఏడిపించలేదు. అతని అద్దం మీద ఆ పేరు కింద గెలుపు గుర్తు పెట్టుకోవాల్సిన రోజు. పెట్టుకోలేదు. మర్నాడు చూస్తే ఆ అద్దం మీద పేర్లే లేవు, మొత్తం తుడిచేసి ఉంది. ఏడిపించడానికి ఎదుట మనిషి లేనప్పుడు గెలిచి ఏం చేసుకుంటాడు?

ఫిబ్రవరిలో మంచుగూళ్ళ దీపాలు ఆరిన కొద్ది రోజులకే, ఒక సాయంత్రం కంపెనీ పెద్దలు టీవీలో కనబడి ఆ డిస్క్ వ్యాపారం మానుకుంటున్నామని చెప్పి తలలు వంచారు. వార్త అయిపోయాక వంటల కార్యక్రమం మొదలైంది.

మర్నాడు తొమోయె నల్లకోటు వేసుకుని, మిఠాయి పెట్టెలు కొనుక్కుని, ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడప ముందూ నడుం వంచి, "మా ఆయన మాట నమ్మి తీసుకున్నారు. మెషీన్ వెనక్కి తీసుకుని, అవతలి రకం మెషీన్ నేనే ఇస్తాను," అంది. కొందరు వద్దన్నారు. కొందరు మొహం చాటేశారు. ఒకాయన మాత్రం గుమ్మంలోనే, "పోయినవాణ్ణి అనకూడదు గాని, తొజావ మమ్మల్ని ముంచాడు," అనేశాడు. ఆమె మిఠాయి పెట్టె గడప మీద పెట్టి, పక్కింటికి నడిచింది. ఇక ఒక్క ఇల్లు కూడా మిగలకూడదని అనుకుంది. భర్త గొంతు తన దగ్గరుంది, చాలు. ఆయన మాట మాత్రం ఊరి దగ్గర నిలబడాలి.

అవతలి రకం మెషీన్లు ఎక్కడ దొరుకుతాయి? ఎదురు కొట్లో. తండ్రుల కాలం నుంచీ తొజావ ఇంట్లోంచి సరుకు కోసం ఎవరూ దాటని ఆ వీధిని దాటి, తొమోయె మొరియా గుమ్మంలో నిలబడింది.

"మొరియా గారూ, మీ సరుకు కావాలి."

మొరియా కంగారుగా లేచాడు. "ఎన్ని కావాలో చెప్పండి తొమోయె గారూ. లాభం మాట ఎత్తకండి, యసూ కలలోకొచ్చి పీక పిసుకుతాడు."

కానీ మెషీన్ మార్చినంత మాత్రాన సరిపోతుందా? ఇళ్ళలో ఉన్న పెళ్ళిళ్ళు, నవ్వులు అన్నీ ఓడిపోయిన డిస్కుల్లో ఉన్నాయి, టేపులు చెత్తలో పోయాయి. అందుకని మొరియా తన మెషీన్ మోసుకొచ్చి, యసుజి మెషీన్ పక్కన పెట్టి, వైరు కలిపాడు. పెళ్ళి ఎంతసేపు నడిస్తే అంతసేపూ కూర్చుని కొత్త డిస్క్‌లోకి ఎక్కించాలి. ఆ నెలంతా ఇద్దరూ కుర్చీలు వేసుకుని ఊరివాళ్ళ బతుకులు చూస్తూ కూర్చున్నారు. చేపల కొట్టు హత్సుయె బామ్మ కూడా వచ్చి కొడుకు పెళ్ళి చూసింది. అందులో ఒకచోట వెనక నుంచి నిచ్చెన మోసుకుంటూ యసుజి వీపు దాటిపోయింది. తొమోయె వెనక్కి తిప్పమంది. మళ్ళీ తిప్పమంది.

"వీపు చూసి ఏం చేస్తావే పిచ్చిదానా!" అని బామ్మ చేతిసంచీతో కళ్ళు ఒత్తుకుంది.

అన్నీ అయ్యాక మొరియా వైర్లు పీకబోతూ ఆగాడు. "మరి మీదో? పెట్టండి, అరపూట పని."

"మాది వద్దులెండి."

"వద్దేంటి?"

"మీ డిస్క్‌లోనా ఆయన్ని పెట్టేది? చచ్చేదాకా ఒకే మాట మీదున్న మనిషి. మీ పక్షంలో చేర్పిస్తే నా మొహం చూస్తారా?" నవ్వుతూనే అంది గాని, మనసులో మాటే అది. "డబ్బా విప్పని కొత్త మెషీన్ ఒకటి నాకని ఉంచుకున్నాను. నేనున్నన్నాళ్ళూ వస్తుంది."

"ఓడిపోయింది కంపెనీ అండీ, యసూ కాదు. పెట్టండి."

"బలవంతం చెయ్యకండి మొరియా గారూ."

అతను చెయ్యలేదు. యసుజి తరపున ఆమె పట్టే పౌరుషం ఎలాంటిదో అతనికీ తెలుసు.

మార్చిలో కంపెనీ తరపున కుదో అనే కుర్ర ఉద్యోగి లారీ తెచ్చి, వెనక్కి తీసుకున్న మెషీన్లన్నీ ఎక్కించాడు. కొట్లో మెషీన్ దగ్గరికొచ్చి, "ఇది కంపెనీ ప్రదర్శనకిచ్చింది. కావాలంటే ఉంచుకోండమ్మా, నేను సర్దుకుంటాను," అన్నాడు. తొమోయె ఒప్పుకోలేదు. అరువుగా వచ్చిన వస్తువు అట్టేపెట్టుకుంటే యసుజికి నచ్చేది కాదు. పైగా అది అరిగిపోయింది, కొత్తది ఉండనే ఉంది. తనే మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, వైరు చుట్టి, లారీ దాకా మోసింది. లారీ మలుపు తిరిగేదాకా తల వంచి నిలబడింది.

మర్నాడు పొద్దున ఫొటో ముందు టీ పెట్టి, గంట మోగించి, కొత్త డబ్బా విప్పింది. డిస్క్ పెట్టింది. మెషీన్ కాసేపు గిరగిరా తిరిగి ఆగి, ఈ డిస్క్ చదవలేనని తెర మీద చూపించింది. వైరు సరిగ్గా పెట్టలేదేమో అనుకుంది. డిస్క్ తుడిచి మళ్ళీ పెట్టింది. తర్వాత చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వీధి దాటింది.

మొరియా వచ్చి చూశాడు. ఊరివాళ్ళు తన దగ్గరే వదిలేసిన పాత డిస్కులు రెండు పెడితే చక్కగా ఆడాయి. ఇది మాత్రం ఆడలేదు. డిస్క్ బయటికి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. అంచు దగ్గర వెడల్పుగా రాత పడని చోటు మెరిసింది.

"తొమోయె గారూ, యసూ దీన్ని మూయలేదా?"

"మూయడమంటే?"

"చివర్లో మీట నొక్కుతాడు చూశారా, అది. మూసిన డిస్క్ ఏ మెషీన్‌లోనైనా ఆడుతుంది. మూయకపోతే రాసిన మెషీన్ తప్ప ఇంకేదీ చదవలేదు." అని, డిస్క్ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఆ మెషీన్ నిన్న లారీలో పోయింది," అన్నాడు.

కుదోకి ఫోన్ చేశారు. సరుకు రాత్రే అకితాలో తుక్కు చేసే చోటికి చేరిందని చెప్పాడు. మొరియా కారు తీశాడు. కరిగీ కరగని మంచులో పోయినవాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. కొట్లోకి రాకుండా గుమ్మం బయటే బూట్లు దులుపుకుంటూ నిలబడ్డాడు. తొమోయె లేచి వెళ్ళింది. అతను తల అడ్డంగా ఊపాడు. పొద్దున్నే మర నోట్లో పెట్టేశారట.

"మీరు చెప్పారు, నేనే వద్దన్నాను," అంది తొమోయె. "కంపెనీ ఒక్క సాయంత్రంలో చేతులు దులుపుకుంది. ఆ స్టూడియో వాళ్ళు పూటలో పక్షం మార్చుకున్నారు. నాకెందుకండీ అంత పౌరుషం? మీ డిస్క్‌లో పెట్టుంటే మా ఆయన ఉండేవాడు."

"తొమోయె గారూ..."

"హత్సుయె బామ్మ ఇంట్లో ఆయన వీపుంది. మాట లేదు." భర్త పోయిన రోజు నలుగురి ముందూ ఏడవని మనిషి, బజారు చూస్తుండగా గడప మీద కూలబడి భోరుమంది. "ఊరందరివీ మూసిచ్చారు మొరియా గారూ. నేనడిగితే, మనది అప్పుడే ఎందుకన్నారు. ఇంకా బోలెడు చోటుందన్నారు."