అవతలి కొస

పొద్దున్న ఎనిమిదింటికల్లా వడ్రంగి షాపు షట్టరు ఎత్తేవాడు. ముందు ఊడ్చేవాడు. రంపప్పొట్టు ఎంత ఊడ్చినా ఏ మూలో ఇంకో గుప్పెడు మిగిలే ఉండేది. తర్వాత రంపంబల్ల తుడిచేవాడు. ఇనపబల్ల, దాని మధ్యలోంచి సగం పైకి తేలిన పళ్ళచక్రం. అది మెరిసేదాకా తుడిచి, రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి తను తాగి, రెండోది చల్లారాక అదీ తనే తాగేవాడు.

వీధిలో అందరూ ఆయన్ని మిల్లీమీటరు మామ అనేవారు. పేరు ఊరికే రాలేదు. కూతురు పుట్టిన రోజున, చేతికిచ్చిన పసిగుడ్డుని ముద్దైనా పెట్టకుండా జేబులోంచి టేపు తీసి కొలిచి, "నలభై తొమ్మిది సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు" అన్నాడట. ఆ సంగతి భార్య చెప్పినన్నాళ్ళూ చెప్పింది, నవ్వినన్నాళ్ళూ నవ్వింది. కోపం వచ్చినప్పుడు మాత్రం, "మీకు మిల్లీమీటర్లు కనిపించినట్టు మనుషులు కనిపించరండీ" అనేది.

ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటుని రంపంబల్ల మీద కొయ్యడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇవతల ఒకరు నెట్టాలి, అవతల ఒకరు అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేకపోతే షీటు బల్ల దాటగానే వాలిపోతుంది, చక్రం దాన్ని పట్టి వెనక్కి విసురుతుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆయన నెట్టాడు, ఆవిడ అందుకుంది. మనిషి పొట్టి కాబట్టి నిలబడ్డానికి ఒక చెక్కపీట చేసిచ్చాడు. ప్రతి కోతకి ముందూ "పట్టుకున్నావా?" అనేవాడు. "ఆఁ, పట్టుకున్నా" అనేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది.

షాపు మళ్ళీ తెరిచిన రోజున కూతురు సెలవు పెట్టి వచ్చి ఆ పీటెక్కింది. వీధి చివర ఆస్పత్రిలో ఈసీజీ తీసే ఉద్యోగం తనది. అవసరమైతే అది మానేసి ఇక్కడే ఉండిపోవాలని వచ్చింది. ఆయన షీటు నెట్టాడు. షీటు తిన్నగా, బద్దలాగా ముందుకి పోయింది.

"నాన్నా, బరువు నా చేతుల్లో లేదు" అంది కూతురు.

"మీ అమ్మ పట్టుకునుంటుంది."

"అయితే నేను డ్యూటీకి వెళ్ళనా?"

"వెళ్ళు. పీట ఖాళీ చెయ్యి, పాపం ఇరుకవుతుంది."

అప్పట్నించీ షాపంతా పొట్టు పడేది గాని, పీట మీద రెండు పాదాలంత మేర మాత్రం శుభ్రంగా ఉండేది. షీట్లు దింపే వ్యాను మనిషి కూడా, "అమ్మగారున్నారుగా, మీకేం" అని బిల్లు మీద సంతకం పెట్టించుకుని పోయేవాడు.

రెండేళ్ళూ అలా గడిచాయి. తర్వాత అవతలి కొస వాలడం మొదలైంది.

మొదట రెండు మిల్లీమీటర్లు. వారం తిరిగేసరికి అయిదు. ఇంకెవరైనా అయితే గమనించరు. ఆయన గమనించాడు. ఆవిడ బతికున్న చివరి ఏడాదీ కొస ఇలాగే వాలేది. అప్పుడు ఆయన ఇవతల్నించి "పైకెత్తు, పైకెత్తు, లైను పోతోంది" అని కసిరేవాడు. ఆవిడ ఎత్తేది. "ఓసారి ఆస్పత్రికి రామ్మా, పది నిమిషాల పని" అని కూతురు పోరితే, "ఈ షీట్లు అవనీయవే" అనేది. ఆఖరి రోజున ఏదో స్కూలు బీరువాలకి నలభై షీట్లు. ముప్ఫయ్యెనిమిదోది కోశాక ముక్కని జాగ్రత్తగా గోడకి ఆనించి, పీట మీద కూర్చుంది. ఆయన ముందు కోసిన అంచు చూసుకున్నాడు. తర్వాత ఆవిణ్ణి చూశాడు.

ఆ ఆలస్యం ఎంతో ఆయన ఏ టేపుతోనూ కొలుచుకోలేకపోయాడు.

ఇప్పుడు కొస పది మిల్లీమీటర్లు వాలిన రోజున చక్రం ఆపేసి, చెప్పులేసుకుని పనిముట్ల దుకాణానికి పోయాడు.

"ట్రాక్ సా ఒకటి చూపించండి."

దుకాణదారు మాటకారి. అల్యూమినియం పట్టా ఒకటి బల్ల మీద పరిచి, దాని మీద రంపాన్ని రైలుపెట్టెలా ముందుకీ వెనక్కీ జరిపాడు. "షీటు కదలక్కర్లేదు సార్. కింద ఫోము పరుచుకుని షీటు దాని మీద పడుకోబెట్టండి. గీత మీద పట్టా పెట్టండి. కదిలేది రంపం ఒక్కటే. ప్లైవుడ్‌కి నలభై ఎనిమిది పళ్ళ బ్లేడు, గట్టి చెక్కకి ఇరవై నాలుగు పళ్ళది. బ్యాటరీదా, వైరుదా?"

"బ్యాటరీదొద్దు. అదెప్పుడు అలిసిపోతుందో నాకు తెలీదు."

"షాపులో ఎంతమంది పనిచేస్తారు?"

"ఇద్దరం."

"ఇద్దరున్నాక ఇదెందుకు సార్? ఇది ఒంటరిగా పనిచేసుకునేవాళ్ళ మిషను."

"మా ఆవిడకి కాస్త విశ్రాంతి ఇద్దామని."

దుకాణదారు ఆయన మొహం చూశాడు. "పోయి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"మోస్తూనే ఉన్నారా?"

"మోస్తూనే ఉంది."

దుకాణదారు తలూపి లోపల్నించి రెండు రకాలు తెచ్చాడు. అయిదడుగుల పట్టాలు రెండు, కలుపుకునే బద్దతో సహా. లేదా తొమ్మిదడుగుల పట్టా ఒకటే. "ముక్కలది మొయ్యడానికి సుఖం. కాకపోతే కలిపినప్పుడల్లా అతుకు తిన్నగా ఉందో లేదో అవతలి కొసన ఒకరు కూర్చుని చూసి చెప్పాలి. పొడుగుదానికి ఆ బాధ లేదు. ఎవరూ అక్కర్లేదు."

మామ అతుకు పడే కొసల మీద వేలు పెట్టి చూశాడు. చూడ్డం మొయ్యడం కాదు గదా. కూర్చుని చూస్తుంది. మోకాళ్ళకి శ్రమ లేదు. "ముక్కలదే ఇవ్వండి" అన్నాడు. దుకాణదారు అట్టపెట్టెలో సర్దడం మొదలెట్టాడు, పొట్టు లాగే గొట్టం, క్లాంపులు రెండు. మామ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"పొడుగుదే ఇవ్వండి" అన్నాడు.

మర్నాడు నేల మీద ఫోము పరిచాడు, దాని మీద షీటు, షీటు మీద పట్టా. కొత్త పట్టా అంచుకి రబ్బరు బద్ద కాస్త ఎక్కువగా ఉంటుంది. మొదటి కోతలోనే రంపం ఆ ఎక్కువంతా తీసేస్తుంది, ఇక ఆ అంచు ఎక్కడుంటే కోత అక్కడే. రంపం పట్టుకుని వంగాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ అలవాటు, "పట్టుకున్నా..." అని నోట్లోంచి వచ్చేసింది. మిగతా మాట మింగేశాడు.

మీట నొక్కాడు. నల్లటి రబ్బరు దారంలా చుట్టుకుంటూ లేచింది. కోత తిన్నగా వచ్చింది, వంక పెట్టడానికి లేదు.

ఆ తర్వాత రంపంబల్ల మీద గుడ్డ కప్పాడు. పట్టా అంచుని క్రమం తప్పకుండా తుడిచేవాడు. పీట వైపు చూడకుండా ఊడ్చేవాడు. గొట్టం ఎంత లాగినా సన్నటి పొట్టు గాలిలో తేలుతూనే ఉంటుంది గదా, పదో రోజుకి పీట మీద ఎడమ పాదం చోటు మూసుకుపోయింది. రెండు రోజులకి కుడిది కూడా. రెండో గ్లాసు టీ పొయ్యడం మానలేదు గాని, తాగడం మానేశాడు.

ఎడమ భుజం కిందనించి మోచేతిదాకా లాగుతూ ఉండేది. రాత్రి అన్నం దగ్గర కూతురు, "ఓసారి ఆస్పత్రికి రా నాన్నా, పది నిమిషాలు" అంది.

"కొత్త మిషనమ్మా. వంగి చెయ్యడం గదా. ఈ తలుపుల పనయ్యాక వస్తా."

కూతురు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. ఈ మాట తను ఇంతకుముందు విన్నదే.

మర్నాడు మధ్యాహ్నం కోత పూర్తయ్యాక, పట్టాని గోడకి తగిలించడానికి ఇవతలి కొస ఎత్తాడు. తొమ్మిదడుగులది, ఒక్కడు ఎత్తితే అవతలి కొస నేల మీద గీసుకోవాలి. గీసుకోలేదు. గాల్లోకి లేచింది. ఇవతలి కొసకన్నా జానెడు కిందగా, ఒక పొట్టి మనిషి పట్టుకుంటే ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఆగింది.

"నువ్వెందుకొచ్చావే, కూర్చోక" అన్నాడు మామ.

పట్టా గోడ వైపు తిరగలేదు. గుమ్మం వైపు తిరిగి లాగింది. వదిలేస్తే అవతల ఒక్కదాని మీద బరువు పడుతుంది. అందుకని వెంట నడిచాడు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. సైకిళ్ళు బాగుచేసేవాడు చక్రం పక్కకి జరిపి దారిచ్చాడు. "చూసుకోండి మామా, వెనక బండొస్తోంది" అని, పట్టా అవతలి కొస వైపు చూసి, "బాగున్నావా అత్తా, చిక్కిపోయావు" అన్నాడు. మలుపు దగ్గర మామకి ఆయాసం వచ్చింది. పట్టా ఆగింది. ఆయన ఊపిరి కుదురుకునేదాకా ఆగి, మళ్ళీ మెల్లగా కదిలింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో తను ఆవిడ కోసం అలా ఎప్పుడూ ఆగలేదని ఆయనకి అప్పుడు తట్టింది. వీధి చివర ఆస్పత్రి మెట్ల ముందు పట్టా మళ్ళీ ఆగింది.

తర్వాత లోపల డాక్టరు చాలా చెప్పాడు. కాగితం మీద గీతలు చూపించి, ఇంకో రెండు రోజులు ఇలాగే వంగి పనిచేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. మామ ఇంకా చాలాకాలం బతికాడు, మనవరాలికి ఉయ్యాల కూడా చేశాడు. అదంతా మెట్లెక్కాక సంగతి. మెట్ల కింద జరిగింది ఇది.

కూతురు వరండాలోకి వచ్చి పట్టాని చూసింది. ఇవతల నాన్నని చూసింది, అవతల ఖాళీని చూసింది. కళ్ళు తుడుచుకోలేదు. "తీసుకొచ్చావా అమ్మా" అంది. దిగి వచ్చి నాన్న నుదుటి చెమట తన కొంగుతో అద్ది, "చొక్కా గుండీలు విప్పు నాన్నా" అంది.

అప్పుడు అవతలి కొస వాలడం మొదలైంది. రెండు మిల్లీమీటర్లు, అయిదు, పది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అలవాటైన మాట ఆయన నాలుక చివరకొచ్చింది. అనలేదు. ఆ కొస ఎంత దిగితే తన కొసా అంతే దించుతూ, మోకాళ్ళు వంచి, కళ్ళు అవతలి వైపే ఉంచి, నెమ్మదిగా నేల దాకా వచ్చాడు.

"పెట్టేశావా?" అన్నాడు.

అవతలి కొస నేలకి ఆనుకుని ఉండిపోయింది. ఆయన పట్టా మీంచి చెయ్యి తీసేశాడు.